రిసెప్షన్‌లో లైవ్ మ్యూజిక్: హాలువాళ్ల మైక్ సెట్ చాలా, ఇంకేం చూసుకోవాలి?

పెళ్లిపనులు_బెజవాడ:
విజయవాడలో చెల్లి రిసెప్షన్. ఏసీ ఫంక్షన్ హాలు, 400 మంది దాకా వస్తారు, సాయంత్రం 7కి మొదలు. డీజే వద్దనుకున్నాం. వయొలిన్, ఫ్లూట్, కీబోర్డు, తబలా, ఇద్దరు గాయకులు ఉన్న బృందంతో మాట్లాడుతున్నాం. హాలువాళ్లేమో మా మైక్ సెట్ చాలంటున్నారు. సరిపోతుందాండీ? పాట వినబడాలి, పెద్దవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడుకోగలగాలి కూడా. రాత్రి ఎన్నింటి దాకా వాయించొచ్చు? సినిమా పాటలకు లైసెన్సు కట్టాలని ఒకరన్నారు, నిజమేనా?

మిక్సర్_దగ్గర:
సరిపోదండీ. హాలు సెట్టు సాధారణంగా రెండు మూడు మైకుల్లో మాట్లాడటానికి పెట్టింది. మీ బృందానికి లెక్క వేయండి: తబలాకు రెండు మైకులు, వయొలిన్‌కు ఒకటి, ఫ్లూట్‌కు ఒకటి, కీబోర్డుకు రెండు లైన్లు, గాయకులకు రెండు, యాంకర్‌కు ఒకటి. తొమ్మిదయ్యాయి. పాటల మధ్య ఫోన్ నుంచి ఏదైనా వేయడానికి రెండు, స్పేర్ మైకు ఒకటి. మొత్తం పన్నెండు. కాబట్టి 16 చానళ్ల మిక్సర్ (అన్ని మైకుల, లైన్ల శబ్దాన్నీ కలిపే పెట్టె) అడగండి. కీబోర్డు లైన్లు డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ను పొడుగు కేబుల్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) గుండా రావాలి, లేకపోతే పొడుగు కేబుల్ వల్ల హమ్, అంటే గుయ్‌మనే రొద, వస్తుంది.

అందరూ మర్చిపోయేది మానిటర్లు, అంటే బృందం వైపు తిరిగి ఉండే చిన్న స్పీకర్లు. గాయకుల ముందు రెండు, తబలా దగ్గర ఒకటి, వయొలిన్, ఫ్లూట్‌లకు కలిపి ఒకటి. ఇవి లేకపోతే గాయకుడికి తన గొంతు తనకు వినపడదు, "పెంచండి" అని సైగ చేస్తాడు. సౌండతను జనం వైపున్న మెయిన్ స్పీకర్లను పెంచుతాడు, మైకు కుయ్‌మని కూస్తుంది. రిసెప్షన్లలో వినే కూతల్లో చాలా వాటికి మూలం ఇదే. మెయిన్ స్పీకర్లు ఎప్పుడూ మైకుల కంటే ముందుండాలి, వెనక కాదు.

ఇక మీ అసలు కోరిక. స్టేజి దగ్గర రెండు పెద్ద బాక్సులు పెట్టి హాలు చివరికి వినబడేలా పెంచితే ముందు టేబుళ్ల వాళ్లకు తలనొప్పి. వాటి బదులు నాలుగు చిన్నవి అడగండి: ముందు రెండు, హాలు మధ్యలో రెండు, స్టాండు మీద తలల కంటే పైన, ఏడడుగుల ఎత్తులో. మధ్యవి ముందువాటికి 15 మీటర్ల దూరంలో ఉంటే మిక్సర్‌లో వాటికి సుమారు 44 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినబడినట్టుంటుంది. బేస్ బాక్సు ఒక్కటి చాలు. మార్బుల్ నేల, అద్దాల గోడలున్న హాల్లో సౌండ్ ఎలాగూ తిరుగుతుంది, మిక్సర్‌లో కలిపే రివర్బ్ (గొంతుకు జోడించే ప్రతిధ్వని) బాగా తగ్గించమనండి. మధ్య టేబుల్ దగ్గర కూర్చుని గొంతు పెంచకుండా పక్కవారితో మాట్లాడి చూడండి. మాట అందితే లెవెల్ సరిగ్గా ఉన్నట్టే.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో డిజిటల్ మిక్సర్, కీబోర్డు రెండూ ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తాయి. పాట మధ్యలో నిశ్శబ్దం! ఈ రెండింటికీ యూపీఎస్ పెట్టమని ముందే చెప్పండి. ఎల్ఈడీ వాల్, డెకరేషన్ లైట్లు ఒక ఫేజులో, సౌండ్ వేరే ఫేజులో ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి.

ఐదున్నర_శ్రుతి:
సౌండ్ సంగతి పైన వచ్చింది, వాయిద్యాల సంగతి నేను చెబుతాను. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తబలా చర్మం బిగిసి శ్రుతి పైకి పోతుంది. చల్లదనానికి ఫ్లూట్ శ్రుతి కిందికి దిగుతుంది. బయట శ్రుతి కలుపుకుని లోపలికొస్తే ఇద్దరూ చెరో దిక్కు. ఏసీ 5:30కే వేయించండి, 6కి సౌండ్ చెక్ పెట్టండి, అతిథులు రాకముందే ముగియాలి.

పాటల వరుస ఇంకో ముఖ్య విషయం. గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో, గాయని ఐదున్నరలో పాడతారనుకోండి. శ్రుతి మార్చడానికి కీబోర్డుకు ఒక బటన్ నొక్కితే సరి. తబలాకు అలా కుదరదు, రెండు మూడు తబలాలు తెచ్చుకోవాలి. ఒక్కో పాటకూ శ్రుతి మారితే మధ్యలో తబలా శ్రుతి సరిచేసే సుత్తి చప్పుడు, ఖాళీ. ఒకే శ్రుతి పాటలు మూడు నాలుగు కలిపి వేయమనండి.

7 నుంచి 7:45 వాయిద్యాలు మాత్రమే: మోహన, కల్యాణి, హిందోళం లాంటి రాగాలు హాయిగా ఉంటాయి. వధూవరులు వచ్చేటప్పుడు సన్నాయి మేళం పది నిమిషాలుంటే బ్రహ్మాండం, మూసిన హాల్లో దానికి మైకే అక్కర్లేదు. గాత్రం ఆ తర్వాత. జాబితా ఇచ్చేముందు సాహిత్యం ఒకసారి చదవండి. బాణీ ఎంత బావున్నా విరహం, మరణం ఉన్న పాటలు పెళ్లింట్లో వద్దు. బృందానికి భోజనం 6:30కే పెట్టించండి, లేకపోతే సరిగ్గా జనం నిండిన వేళ విరామం అడుగుతారు.

రూల్స్_తెలిసిన_వ్యక్తి:
2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసిన బాంక్వెట్ హాల్లో లోపలివాళ్లకు వినిపించడానికి మినహాయింపు ఉంది, కానీ శబ్దం బయటికి పొంగకూడదు. నివాస ప్రాంతానికి ప్రమాణం పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్. తలుపులు తెరిచి పెడితే మినహాయింపు ఉందని వాదించడం కష్టం. 9:45కి ఆఖరి పాట పెట్టుకోండి. లాన్ కూడా వాడేట్టయితే పోలీసు అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి.

సినిమా పాటలకు లైసెన్సు అక్కర్లేదు. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(జెడ్ఏ) పెళ్లి ఊరేగింపునూ, పెళ్లికి సంబంధించిన వేడుకలనూ మినహాయించింది. 2023 జూలైలో కేంద్రం బహిరంగ ప్రకటనతో ఇదే స్పష్టం చేసింది. ఎవరైనా డబ్బు అడిగితే ఆ ప్రకటన ప్రింటు చూపించండి.

పెళ్లిపనులు_బెజవాడ:
చాలా థ్యాంక్సండీ. ఒక్క సందేహం. డెకరేషన్ వాళ్లు బృందాన్ని వధూవరుల సోఫా వెనక కూర్చోబెడదామంటున్నారు, ఫొటోలో బావుంటుందట.

మిక్సర్_దగ్గర:
వద్దండీ. అక్షింతలు వేయడానికి వచ్చేవాళ్ల వరుస బృందం ముందే సాగుతుంది, గాయకుల మైకుల్లో ఆ మాటలన్నీ పడతాయి. వధూవరుల చెవిలో తబలా మోగుతూనే ఉంటుంది. పక్కన వేరే స్టేజి కట్టించండి: 16 అడుగుల వెడల్పు, 12 లోతు, అడుగున్నర ఎత్తు, వరుస నడిచే దారికి కాస్త దూరంగా. ప్లైవుడ్ కింద సపోర్టు దగ్గరదగ్గరగా వేయాలి, బోలుగా ఉంటే అడుగుల చప్పుడు తబలా మైకులోకి వస్తుంది. వీడియో వాళ్లకు మిక్సర్ నుంచి ఒక లైన్ ఇవ్వమని సౌండతనికి అడ్వాన్సు ఇచ్చే రోజే చెప్పండి. కెమెరా మైకుతో తీస్తే పాట మీద ప్లేట్ల చప్పుడే వినబడుతుంది.