ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు: ప్రింట్‌లో చదవలేకపోతున్నారు

ప్రశ్న: రక్తదాన శిబిరానికి పోస్టర్ చేశాను. ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. రెండూ పూర్తిగా వేరే రంగులు కదా, కాంట్రాస్ట్ సరిపోతుందనుకున్నాను. తీరా ప్రింట్ తీస్తే కాస్త దూరం నుంచే చదవలేకపోతున్నారు. శీర్షిక 28 పాయింట్లు, వివరాలు 24, అన్నీ బోల్డ్. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: రంగు వేరైతే చాలదండీ, వెలుగులో తేడా ఉండాలి. మీ డిజైన్‌ని ఒక్కసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి, అక్షరాలు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి. ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో 0 నుంచి 255 దాకా అంకెల్లో చెప్పే పద్ధతి) 255, 0, 0 ఎరుపు మీద 0, 128, 0 ఆకుపచ్చ పెడితే కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే రెండు రంగుల వెలుగులో తేడా చెప్పే అంకె, 1.3 కూడా రాదు. తెలుపు మీద నలుపుకి అది 21. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటుంది. పోస్టర్‌కీ నేను అదే చూసుకుంటాను. పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లకు మీ పోస్టర్ ఇంకా కష్టం.

ఆ ఎరుపు మీద తెల్ల అక్షరాలు పెట్టినా 4 దగ్గరే ఆగుతుంది. ఎరుపుని 180, 0, 0 దాకా ముదురు చేయండి, 7 దాటుతుంది.

మరొకరి జవాబు: రంగు సరే, సైజు సంగతి కూడా చూడండి. 28కీ 24కీ తేడా కంటికి ఆనదు, పొరపాటున అలా పడిందేమో అనిపిస్తుంది. తేడా చూపించాలనుకుంటే గట్టిగానే చూపించాలి. శీర్షికని 60కి పెంచండి, వివరాలు 24లోనే ఉండనివ్వండి. బోల్డ్ శీర్షికకే చాలు. అన్నీ బోల్డ్ అయితే ఏదీ ముందుకు రాదు. పైగా తెలుగులో చిన్న సైజు బోల్డ్ పెడితే వత్తుల సందులు పూడుకుపోయి ముద్దగా కనిపిస్తాయి. తర్వాత కళ్లు సగం మూసి చూడండి, మొదట శీర్షికే కనబడాలి.

అడిగినవారు: మార్చాను, ఎంత తేడా వచ్చిందో! చాలా థాంక్స్ అండీ. తేదీకి పసుపు, ఫోన్ నంబర్‌కి నీలం పెట్టొచ్చా?

జవాబు: నీలం వద్దండీ. ముదురు ఎరుపు మీద 0, 0, 255 నీలానికి నిష్పత్తి 1.2 మాత్రమే, మళ్లీ మొదటికొస్తుంది. పసుపుకి 6.6 వస్తుంది కాబట్టి తేదీకి ఒక్కదానికే వాడండి. ఫోన్ నంబర్ తెలుపులోనే ఉంచి, సైజు 36 చేసి, చుట్టూ కాస్త ఖాళీ వదలండి.