ఒడిశా ఆధార్ ఉన్న గర్భిణికి ఇక్కడి పీహెచ్‌సీలో పేరు ఎలా రాయించాలి?

పెద్దపల్లి జిల్లా ఇటుక బట్టీల్లోని ఒడియా కుటుంబాల తరఫున అడుగుతున్నాం. బొలంగీర్, నువాపడా నుంచి వచ్చి వానల దాకా ఉంటారు. ముందే అడ్వాన్సు తీసుకున్నవాళ్లు, మధ్యలో కదలనివ్వరు. కాబట్టి "మీ ఊరెళ్లి చూపించుకోండి" అనే సలహా వద్దు.

ఒకామెకు ఎనిమిదో నెల, హిమోగ్లోబిన్ 8 గ్రాములే, రక్తం తక్కువగా ఉంది. కాన్పు దగ్గరపడింది, మాత్రలతో అందుకోవడం కష్టం. ఐరన్ సుక్రోజ్ (నరంలోకి ఇచ్చే ఐరన్ మందు) ఎక్కించాలి, అదీ డాక్టర్ ఎదుటే. లోకల్ ఆధార్ లేదని తిప్పి పంపుతున్నారు. 2011 నాటి జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం సర్కారు దవాఖానలో కాన్పు, సిజేరియన్, పరీక్షలు, మందులు, రక్తం ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు భోజనం కూడా. కిట్లు, నగదు సంగతి వేరు, అవి అడగట్లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి: ఒడిశాలో ఇచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణి పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చే నంబరు)తోనే ఇక్కడి ఏఎన్‌ఎం పరీక్షలు నమోదు చేయొచ్చా, కొత్తగా రాయాలా? రెండుసార్లు రాస్తే పాత టీకాల లెక్క పోతుందని భయం. బట్టీ రెండు సబ్‌సెంటర్ల హద్దులో ఉంది, ఇద్దరూ మాది కాదంటున్నారు. పరిధిని డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) కాగితంపై తేల్చి ఇస్తారా, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరే చాలా? పేరు నమోదు కాకుండా గర్భిణుల కోసం వచ్చే 102 బండి వస్తుందా? ఆమె పరీక్షలు, టీకాలు రాసిన కార్డు ఒడియాలో ఉంది, చదివి చెప్పేవాళ్లు దగ్గర్లో ఉన్నారా?

ఆయుష్మాన్ కార్డు సంగతి తెలుసు. అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా పరీక్షలకు కాదు.