భజన మందిరంలో సాయంత్రం చదువు: గోవింద నామాలు చెప్పని పిల్లలకు చోటు ఉందా, లేదా?

మంగళం రోడ్డు (చర్చ మొదలుపెట్టినవారు):

తిరుపతిలో మా కాలనీ రామమందిరంలో సాయంత్రం పూట పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నాం. భజన బృందంలోని కుర్రవాళ్లు, డిగ్రీ చదివే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు చెబుతారు. వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో అలిపిరి దగ్గర బొమ్మలు, దువ్వెనలు అమ్మేవాళ్లు, లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లు, బేల్దారి పనికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగిస్తాం. మొదట ఇరవై నిమిషాలు గోవింద నామాలు, శ్లోకాలు. తర్వాత చదువు. చివర్లో శనగ గుగ్గిళ్లు.

పోయిన నెల ఒక అన్నాచెల్లెలు రావడం మానేశారు. వాళ్ల ఇంట్లో చర్చికి వెళతారు. నామాలు చెప్పేటప్పుడు ఆ పిల్లలు నోరు కదపకుండా కూర్చునేవారు. అది చూసిన కమిటీ పెద్దాయన ఒకరు, "నామం పలకని నోటికి గుగ్గిళ్లు ఎందుకు?" అన్నారు. పక్కన చెప్పుకున్న మాట కాదు, పిల్లలందరి ఎదుట అన్నారు. గుగ్గిళ్ల ఖర్చు ఆయనదే. అదీ చిక్కు.

ఆదివారం కమిటీ కూర్చుంటోంది. నామాలు మానేద్దామని కొందరు, ఇష్టమున్నవాళ్లే వస్తారులే అని కొందరు. నాకు రెండూ రుచించడం లేదు. మీ మాట చెప్పండి, తిట్టుకోకుండా.

గోవిందమాల:

ఇందులో చర్చ ఏముంది? అది రామమందిరం. అక్కడ దేవుడి పేరు పలకడం తప్పయితే ఇంకెక్కడ పలకాలి? ఆ కుర్రవాళ్లు జీతం లేకుండా రోజూ రెండు గంటలు కూర్చుంటున్నారంటే వాళ్లను కూర్చోబెడుతున్నది భక్తి. దాన్ని తీసి అవతల పెట్టి సేవ మాత్రం చేయండి అనడం వేరు నరికి కాయలు అడిగినట్టు ఉంటుంది. చర్చిలో ట్యూషన్ పెడితే ప్రార్థన లేకుండా మొదలుపెడతారా? అక్కడ ఎవరూ అడగని ప్రశ్న గుడికి వచ్చేసరికి అందరికీ గుర్తొస్తుంది.

పెద్దాయన మాట మాత్రం కటువుగానే ఉంది. పిల్లల ముందు అలా అనకూడదు.

న్యాయశాస్త్రం:

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, లేకపోతే ఎవరో ఒకరు రాజ్యాంగం అంటూ వస్తారు. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థల్లో ఎవరినీ మతబోధకు, ప్రార్థనకు బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. కాలనీ వాళ్లు సొంతంగా నడుపుకునే సాయంత్రం చదువు ఈ రెండింటిలోకీ రాదు. కాబట్టి నామాలు చెప్పించడాన్ని చట్టం ఆపదు.

గోవిందమాల గారికి ఒక మాట. మీరు కొండ మీది పద్ధతి ఎరిగినవారే. అన్యమతస్థులు దర్శనానికి వెళ్లాలంటే స్వామిపై విశ్వాసం ఉందని డిక్లరేషన్ రాసివ్వాలి. అన్నప్రసాదం పంక్తిలో కూర్చున్నవాణ్ణి నీ మతం ఏమిటని ఎవరూ అడగరు. 1985లో నిత్యాన్నదానం మొదలైనప్పటి నుంచి ఆకలే అక్కడ అర్హత. స్వామి పెట్టని షరతు మీ కాలనీ పెద్దాయన గుగ్గిళ్లకు పెట్టడం నాకు వింతగా ఉంది.

గోవిందమాల:

గుగ్గిళ్ల విషయంలో సరే, ఒప్పుకుంటున్నాను. నామాల విషయంలో నా మాట మారదు.

హుండీ లెక్క:

అసలు సంగతి వదిలేసి గుగ్గిళ్ల చుట్టూ తిరుగుతున్నారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది. బడిలో చెప్పని చదువును గుడిలో చెబుతుంటే బడిని అడిగేవాడు ఉండడు. మీ భక్తి పుణ్యమా అని వాళ్లు హాయిగా ఉన్నారు. ఇంత హుండీ ఆదాయం ఉన్న ఊళ్లో కాలనీ పిల్లలకు చందాలు పోగుచేసి చదువు చెప్పాలా?

న్యాయశాస్త్రం:

హుండీ సొమ్ముతో ఈ ఊళ్లో ఎన్ని విద్యాసంస్థలు నడుస్తున్నాయో మీకు తెలియనిదా? తల్లిదండ్రులు లేని పిల్లలకు బాలమందిరం ఉంది, వినికిడి లేని పిల్లలకు బడి ఉంది, కాలేజీలు ఉన్నాయి. చాలవంటే అది వేరే చర్చ, వేరుగా మొదలుపెట్టండి. బడిని అడగాలన్నది మాత్రం నిజం. కానీ బడి బాగుపడేదాకా ఐదో తరగతి పిల్లవాడు ఐదో తరగతిలోనే ఆగి ఉండడు కదా.

పాత పంతులమ్మ:

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇరవై నిమిషాల గురించి ఇంత మాట్లాడుతున్నారు, మిగిలిన గంటన్నరలో ఏం చెబుతున్నారో ఒక్కరూ అడగలేదు. నేను అడుగుతాను.

ఇలాంటి సాయంత్రం చదువులు చాలా చూశాను. ఎక్కువ చోట్ల జరిగేది ఒకటే. బడిలో ఇచ్చిన హోంవర్కును పెద్దపిల్లలు పూర్తి చేస్తారు, చిన్నపిల్లలు దాన్ని చూసి రాసుకుంటారు. నోటు పుస్తకం నిండుతుంది, టీచరు టిక్కు పెడుతుంది, తల్లి సంతోషిస్తుంది. పిల్లవాడు ఉన్నచోటే ఉంటాడు.

మీ దగ్గర ఐదో తరగతి చదివేవాణ్ణి పిలిచి 500 లోంచి 265 తీసివేయమనండి. చాలామంది 365 అని రాస్తారు. ఎందుకో తెలుసా? సున్నాలోంచి 5 పోదు కాబట్టి, 5 లోంచి సున్నా తీసేసి 5 వేస్తారు. పక్కనా అంతే, 6 వేస్తారు. చివరికి 5 లోంచి 2 పోతే 3. అప్పు తెచ్చుకోవడం రాదన్నమాట. అదే పిల్లవాడు అంగడి దగ్గర 265 రూపాయల బొమ్మలమ్మి, ఐదువందల నోటు తీసుకుని, 235 చిల్లర తడుముకోకుండా ఇస్తాడు. అంటే లెక్క వాడి బుర్రలో ఉంది, కాగితం మీదికి రాలేదు. దాన్ని కాగితం మీదికి తేవడం మీ డిగ్రీ అమ్మాయిల పని. పది రూపాయల నోట్లు, వంద నోట్లు కాగితాలతో కత్తిరించి ముందు పెట్టండి. వంద నోటు విప్పితే పది పదులు అవుతాయని చేత్తో చేసి చూస్తే అప్పు తెచ్చుకోవడం దానంతట అదే తెలుస్తుంది.

ఇక నామాల దగ్గరికి వస్తాను. వాటిని అచ్చువేసిన కాగితం పిల్లల చేతికి ఇస్తారా? ఇచ్చి చూడండి. వేలు పెట్టి గడగడా చదువుతారు, చూసినవాళ్లు చదువు వచ్చేసింది అనుకుంటారు. మధ్యలో ఒక పదం మీద మీ వేలు పెట్టి ఇదేమిటని అడగండి. సగం మంది మొదటి నుంచి మళ్లీ పాడుకుంటూ వచ్చి ఆ పదం దగ్గర ఆగుతారు. కంఠతా వచ్చినదాన్ని చదువుతున్నారని మనం భ్రమపడుతున్నాం. నోటికి వచ్చిన పాట వాచకంగా పనికిరాదని కాదు, బ్రహ్మాండంగా పనికి వస్తుంది. 'శ్రీనివాసా', 'వేంకటేశా' అన్న మాటలను విడివిడి అట్టముక్కల మీద రాసి కలిపేసి వెతకమనండి. శ్రీలోని రావత్తు, వేం లోని సున్నా అప్పుడు కంట్లో పడతాయి. నామాలు ఉండాలా వద్దా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. ఉంటే ఇలా వాడండి.

చర్చి వీధి, చిత్తూరు:

నేను క్రైస్తవుణ్ణి. మా సంఘం తరఫున మా వీధిలో పిల్లలకు ట్యూషన్ నడుపుతాం. చర్చిని ఎవరూ అడగరని గోవిందమాల గారు అన్నారు. అడుగుతారు, సార్. మా దగ్గరకు వచ్చేవాళ్లలో హిందువుల పిల్లలే ఎక్కువ, వాళ్ల నాన్నలే అడిగారు. మేము ప్రార్థనను చదువు ముందు నుంచి చదువు తర్వాతకు మార్చాం. ఏడున్నరకు చదువు ముగుస్తుంది, వెళ్లేవాళ్లు వెళతారు, ఉండేవాళ్లు ఉంటారు. ఉండేవాళ్ల సంఖ్య తగ్గింది, దాచడం ఎందుకు? మా పెద్దల్లో కొందరికి అది ఇప్పటికీ మింగుడు పడలేదు. మా తాతల కాలంలో చిత్తూరులో, మదనపల్లెలో ఆర్కాట్ మిషన్ బడులు ఉండేవి. అక్కడ బైబిలు పాఠం విన్నాకే లెక్కల పాఠం. వినడానికి ఇష్టం లేకపోయినా చదువు కోసం విన్నవాళ్లు ఎందరో. దాని గురించి ఈరోజుకీ ఎవరో ఒకరు మమ్మల్ని దెప్పుతూనే ఉంటారు. అలాంటి మాట మీ మందిరానికీ రావాలా?

ఇంకో సంగతి. ఆ అన్నాచెల్లెళ్లు నామాల వల్ల మానేశారో, గుగ్గిళ్ల వల్ల మానేశారో కనుక్కోండి. మాలో చాలా కుటుంబాలు దేవుడికి నైవేద్యం పెట్టినదాన్ని తినవు. ఆ పిల్లలు రోజూ గుగ్గిళ్లు చేతిలోకి తీసుకుని తినకుండా పట్టుకుని ఉంటే మీకు తెలిసి ఉండదు. నైవేద్యం పెట్టకముందే ఒక గిన్నె పక్కకు తీస్తే సరిపోతుంది.

గోవిందమాల:

అయ్యా, మీరు మర్యాదగా చెప్పారు కాబట్టి మర్యాదగానే చెబుతాను. నైవేద్యానికి ముందు వండినదాంట్లోంచి తీసి ఎవరికైనా పెట్టడం మా ఇళ్లలో జరగదు. నైవేద్యం అయ్యేదాకా దాని వాసన కూడా పీల్చకూడదని మా అమ్మ కేకలేసేది. మీకు ప్రసాదం పట్టింపు ఉన్నట్టే మాకు ఇది పట్టింపు. ఒకరి పట్టింపును గౌరవించాలంటే ఇంకొకరిది వదులుకోవాలా?

పాత పంతులమ్మ:

ఇద్దరి పట్టింపూ నిలబడుతుంది, వంటింట్లోకి వెళ్లండి చాలు. శనగలు ఉడికాక స్వామికి చిన్న గిన్నెలో పోపు పెట్టి నైవేద్యం చేయండి, దాన్ని ప్రసాదంగా అడిగినవాళ్లకు పంచండి. పిల్లల కోసం వండే పెద్ద గిన్నె వేరే పొయ్యి మీద, వేరే వంట. అది నైవేద్యమూ కాదు, ముందే తీసినదీ కాదు. ఇంకో మాట, గుగ్గిళ్లు చివర్లో ఎందుకు ఇస్తున్నారు? బడిలో మధ్యాహ్నం తిన్న పిల్లలు ఆరున్నరకే నీరసపడతారు. ముందే పెట్టండి. చివర్లో పెడితే అది ఆకలికి పెట్టినట్టు ఉండదు, కూర్చున్నందుకు కూలి ఇచ్చినట్టు ఉంటుంది.

హుండీ లెక్క:

వంటల కార్యక్రమంలా ఉంది. ఒకసారి ఆ కాలనీ బడిలో ఎంతమంది టీచర్లు ఉన్నారో అడగండి ముందు.

నిర్వాహకుడు:

ఈ మధ్యలో వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. మతం మార్పిడుల గురించి గొడవ పడాలనుకునేవారికి ఇది చోటు కాదు.

పీలేరు అమ్మాయి:

నేను ముస్లింను. చిన్నప్పుడు మా వీధిలో ఒక మఠం వాళ్లు నడిపే సాయంత్రం చదువుకు వెళ్లాను. శ్లోకాలన్నీ నాకు వచ్చు, ఇప్పటికీ వచ్చు. మా నాన్నకు తెలుసు, నవ్వేవారు. శ్లోకం చెబితే నా నమ్మకం ఎక్కడికీ పోలేదు. కాబట్టి నామాలు వినిపించినంత మాత్రాన పిల్లలు పాడైపోతారన్న మాట నేను ఒప్పుకోను. అయితే అది మా నాన్నను అడిగి చేసిన పని. అక్కడి అక్క ఇంటికి వచ్చి, "ఇలా శ్లోకాలు ఉంటాయి, పాప ఆ సేపు అరుగు మీద కూర్చుంటానన్నా సరే" అని చెప్పి వెళ్లింది. నేనే లోపల కూర్చున్నాను, బాగుండేది కాబట్టి.

గుర్తుండిపోయింది వేరే. పండుగ రోజు పలకలు పంచుతూ ఎవరో దాత నా పేరు విని, వరసలో చివరికి వెళ్లమన్నారు. పలక దొరికింది, కొత్తదే. మరుసటి వారం నుంచి నేను వెళ్లలేదు. అక్క మళ్లీ ఇంటికి వచ్చింది, అయినా వెళ్లలేదు. ఆ పిల్లలు ఇప్పుడు ఇంట్లో ఏం చెప్పి మానేశారో నాకు తెలుసు. "హోంవర్కు లేదు" అని చెప్పి ఉంటారు.

మంగళం రోడ్డు గారూ, కమిటీ ఏం తేల్చినా, ఆ పెద్దాయనో మీరో వాళ్ల ఇంటికి వెళ్లారా?

మంగళం రోడ్డు:

నిన్న వెళ్లాను. వాళ్లమ్మ టీ ఇచ్చింది. హోంవర్కు లేదనే చెప్పారట. గుగ్గిళ్ల సంగతి ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు.

కమిటీ రెండుగా చీలింది. నామాలు ఏడున్నర తర్వాతకు మార్చాం, ఒక్క ఓటు తేడాతో. గుగ్గిళ్లు ఆరింటికే, పంతులమ్మ గారు చెప్పినట్టు వేరే గిన్నెలో. పెద్దాయన లేచి వెళ్లిపోయారు. శనగలకు ఈ నెలకు భజన బృందం డబ్బులు ఉన్నాయి, వచ్చే నెల చూడాలి. నామాలు వెనక్కి జరిపితే పిల్లలు ఆగరని, ఇక భజన బృందానికి కొత్తవాళ్లు ఎక్కడి నుంచి వస్తారని మా కుర్రవాళ్లలో ఇద్దరు అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

గోవిందమాల:

చూశారా, నేను మొదట అన్నది అదే. మీ భజన బృందం తరిగిపోయాక చదువు ఎవరు చెబుతారు? ఒక ఏడాది తర్వాత ఇక్కడే మళ్లీ మాట్లాడుకుందాం.

చర్చి వీధి, చిత్తూరు:

ఆ భయం మాకూ ఉండేది, ఉంది. అయినా చదువు చెప్పేవాళ్లు మాత్రం తగ్గలేదు, ఇప్పటికైతే.

పాత పంతులమ్మ:

నామాలు అయిపోయాయా? ఇప్పుడు నా ప్రశ్న. బ్రహ్మోత్సవాలు వస్తున్నాయి. ఆ తొమ్మిది రోజులూ ఈ పిల్లలు అమ్మానాన్నలతో అంగళ్ల దగ్గరే ఉంటారు, తర్వాత ఓ వారం బడికే సరిగ్గా రారు. నేర్పిన ఒత్తులు అప్పుడే మరిచిపోతారు. ఏం చేస్తున్నారు?

మంగళం రోడ్డు:

అలిపిరి దగ్గరికే వెళ్లి, గంటసేపు పక్కన కూర్చోబెట్టి చెబుదామని అమ్మాయిలు అంటున్నారు.

బొమ్మల అంగడి:

అన్నా, నేను మీ దగ్గరకు వచ్చే ఒక పాప తల్లిని. పాప ఫోనులో చదివి వినిపించింది, నేను చెబితే తనే టైపు చేస్తోంది. ఆ తొమ్మిది రోజులు దయచేసి రాకండి. ఆ జనంలో పాప అంగట్లో ఉంటేనే నేను సరుకు మీద కన్ను వేసి ఉంచగలను. ఏడాది అప్పులు ఆ రోజుల్లోనే తీరతాయి. చిల్లర లెక్క పాపే చూస్తుంది, పంతులమ్మగారు చెప్పింది నిజమే. కాగితాల నోట్లు ఎందుకు, మా గల్లాపెట్టెలో నిజం నోట్లే ఉంటాయి. రాత్రి అంగడి మూశాక ఆ రోజు అమ్మకం కాగితం మీద కూడి చూపించమని పాపకు పని ఇవ్వండి. అది నాకూ పనికి వస్తుంది.