‘జాలారి’, ‘సింకు’, ‘అంట్ల తొట్టి’: పెరటి వంటగట్టు దగ్గర ఏ మాట దేనికి?

ప్రశ్న:

కర్నూలు జిల్లాలోని మా పాత ఇంటి పెరట్లో, పండుగలకూ పిండివంటలకూ వీలుగా ఉండేలా ఒక వంటగట్టు కట్టిస్తున్నాము. మేస్త్రికి ఇచ్చే కాగితం పూర్తిగా తెలుగులోనే ఉండాలని మొదలుపెట్టి, గిన్నెలు కడిగే చోటు దగ్గర ఆగిపోయాను. మా అమ్మగారు దాన్ని ‘జాలాట’ అంటారు, మేస్త్రి ‘సింకు’ అంటున్నాడు, మా అబ్బాయి ‘అంట్ల తొట్టి’ అని రాయమంటున్నాడు. ఈ మూడూ ఒకటేనా? కాకపోతే దేనికి ఏది రాయాలో, బయట పెట్టడానికి ఎలాంటి సింకు మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:

ఈ మూడూ ఒకటి కావండి. అమ్మగారి మాటా, మేస్త్రి మాటా రెండూ మీ కాగితం మీద ఉండాలి, ఎందుకంటే అవి రెండు వేర్వేరు వస్తువులకు పేర్లు.

నిఘంటువుల్లో కనిపించే రూపం ‘జలదారి’, అంటే నీళ్ళు బయటికి పోయే మార్గం. ఊరినిబట్టి అది జాలారి, జాలాట అని పలుకు మారింది, అర్థం కూడా దారి నుంచి ఆ దారి మొదలయ్యే చోటికి విస్తరించింది. పాత ఇళ్ళలో దాన్ని చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు: ఒక మూల పరిచిన నాపబండ, చుట్టూ నీళ్ళు పొర్లకుండా జానెడు కన్నా తక్కువ ఎత్తు కట్ట, గోడ అడుగున తూము, ఆ తూము బయట అరటిచెట్టో చేమ మడో. పీట వేసుకుని కూర్చుని, కొబ్బరిపీచుతో బూడిద అద్ది గిన్నెలు తోమినా, పిల్లలకు నీళ్ళు పోసినా అక్కడే. ఆ పేరు పాత్రను గాని తొట్టిని గాని చెప్పదు, నీళ్ళు ఎటు పోవాలో చెబుతుంది.

‘సింకు’ అలా కాదు. గట్టులో దింపిన గిన్నెలాంటి భాగానికి మాత్రమే మనం ఆ మాట వాడుతున్నాము. అది ఇంగ్లీషు నుంచి వచ్చినా బస్సు, రైలు లాగానే చివర ఉకారం తెచ్చుకుని, సింకులు, సింకులో, సింకుకు అని మన విభక్తులన్నిటికీ ఒదిగిపోయింది కాబట్టి దాన్ని తీసేయవలసిన అవసరం నాకు కనిపించదు. ‘అంట్ల తొట్టి’ అంటే అందరికీ అర్థమవుతుంది గాని, వినగానే కడగవలసిన గిన్నెలు పడవేసే తొట్టి అన్న భావమే ముందు వస్తుంది. మేస్త్రి విడిగా సిమెంటు తొట్టి కట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంటి లోపల ఈ తేడా పెద్దగా పట్టదు, ఎందుకంటే జలదారి పని మొత్తం గచ్చు కింద గొట్టాల్లో జరిగిపోతుంది. ఆరుబయట మాత్రం సింకులో పట్టని గుండిగలు నేల మీదే తోమాలి, వాన జల్లు పడుతుంది, గట్టు కడిగిన నీళ్ళు కిందికి జారుతాయి. అందుకే సింకుకు ఆనుకుని నేల మీద ఒక జాలారి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. సింకు ఒక్కటే పెట్టించుకున్న పెరళ్ళలో గట్టు ముందు ఎప్పుడూ తడి బురదే.

తాపీ పనివాళ్ళ మాటల్లో మీకు పనికొచ్చేవి రెండు ఉన్నాయి. నీళ్ళు పోవడానికి నేలకు ఇచ్చే వాలును వాళ్ళు ‘వాటం’ అంటారు. గచ్చు సమంగా ఉందో లేదో చూపే సాధనం ‘రసమట్టం’. గొట్టానికి గజానికి సుమారు ముప్పావు అంగుళం, అంటే మీటరుకు రెండు సెంటీమీటర్ల వాటం ఉంటే చాలు. అంతకన్నా బాగా తగ్గితే మెతుకులూ జిడ్డూ గొట్టంలో నిలిచిపోతాయి. ‘తూము వైపు వాటం’ అని రాసి ఒక బాణం గుర్తు పెట్టండి, ఇక మేస్త్రి మిమ్మల్ని మళ్ళీ అడగడు.

నేల మీది తూము దగ్గర ప్లంబరు ‘నాని ట్రాపు’ వేయాలంటాడు. అది మనిషి పేరు కాదు. మరాఠీలో స్నానం చేసే చోటును ‘న్హాణీ’ అంటారు, మన ‘స్నానం’ ఎక్కడి నుంచి వచ్చిందో అదీ అక్కడి నుంచే వచ్చింది. అంటే జాలాటకు మరాఠీలో చుట్టమైన మాటను మన ప్లంబర్లు రోజూ పలుకుతున్నారన్నమాట, నాకు ఇది ఎంతో ముచ్చటగా ఉంటుంది. ట్రాపు వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉండటం వల్లే కాలువ కంపూ బొద్దింకలూ పైకి రావు. పండుగకు తప్ప వాడని గట్టయితే వేసవిలో ఆ నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి, వారానికోసారి ఒక చెంబెడు నీళ్ళు పోస్తూ ఉండాలి.

ఇక సింకు ఎంపిక. బయట పెట్టేది స్టీలుదైతే 304 రకం అడగండి, అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అయితే మాలిబ్డినం కలిసిన 316 రకం తుప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది, కర్నూలుకు అంత ఖర్చు అనవసరం. రేకు మందం ఒక మిల్లీమీటరుకు తగ్గకూడదు, పలచనిదైతే ఇత్తడి బిందె జారిపడినా సొట్ట పోతుంది. రెండు గుంటల సింకు వద్దు, దానిలో బాణలి కూడా సరిగ్గా దిగదు. ఒకే గుంట, లోతు తొమ్మిది పది అంగుళాలు ఉన్నది తీసుకోండి. గట్టుకు కడప బండ వేస్తున్నట్టయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అది సున్నపురాయి జాతి కాబట్టి చింతపండు పులుసూ నిమ్మరసమూ పడి నిలిచిన చోట మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది. సింకు చుట్టూ మాత్రమైనా గ్రానైటు వేయించండి.

రెండో జవాబు:

తెలంగాణలో మేము నీళ్ళు పోయే ఆ దారిని ‘మోరి’ అంటాము, మరాఠీలోనూ హిందీలోనూ ఉన్న మాటే అది. గిన్నెలు తోమడం మాకు ‘బోళ్ళు తోముడు’. పై జవాబులో చెప్పని సంగతి ఒకటి ఉంది, ఆ నీళ్ళు చివరికి ఎక్కడికి పోవాలి? చాలామంది ‘ఇంకుడు గుంత’ అని రాసి ఊరుకుంటారు. 2000లో ‘నీరు-మీరు’ కార్యక్రమంతో ఊరూరా వినబడిన ఆ మాటకు అసలు ఉద్దేశం వాన నీళ్ళు. సబ్బూ నూనే కలిసిన నీళ్ళను బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి వదలకూడదు. ముందు జిడ్డు తేలి నిలిచే చిన్న గదిలాంటి గుంట కట్టించి, అక్కడి నుంచి వేరే గుంతకో అరటి పాదుకో మళ్ళించాలి. కాగితం మీద ‘వాడిన నీళ్ళ గుంత’ అని స్పష్టంగా రాయడం మేలు.

మూడో జవాబు:

మేము డాలస్ దగ్గర ఉంటాము. చేపల వేపుడూ తాలింపు ఘాటూ ఇంట్లో నిలవకుండా పెరట్లోనే వండుకుంటాము, మా ఇంట్లో ఇప్పటికీ అది ‘బయటి వంట’. ఇక్కడ సింకు పెట్టేవారు మంచు గురించి ముందే ఆలోచించాలి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో ఎన్నో ఇళ్ళ గొట్టాలు పగిలాయి. బయటి కుళాయికి ఇంటి లోపల నీళ్ళు ఆపే వాల్వు ఒకటి ఉంచి, చలికాలానికి ముందు దాన్ని మూసి గొట్టంలోని నీళ్ళు వంపేయాలి.

మొదటి జవాబు ఇచ్చినవారు:

వాడిన నీళ్ళ గుంత సంగతి గుర్తుచేసినందుకు ధన్యవాదాలు, నేను రాసినదానిలో అది నిజంగా లోటే. ప్రశ్న అడిగినవారు కాగితం మీద నాలుగు పేర్లు రాస్తే సరిపోతుంది: గట్టులో ‘సింకు’, దాని పక్క నేల మీద ‘జాలాట’, గోడ అడుగున ‘తూము’, చివర ‘వాడిన నీళ్ళ గుంత’. మీ అమ్మగారి పలుకుబడి ‘జాలాట’ కాబట్టి జాలారి అని మార్చకుండా అలాగే రాయండి, మీ ఊరి మేస్త్రికి తెలిసిన రూపమూ అదే అయి ఉంటుంది. పని గుంత నుంచి మొదలై వెనక్కి రావాలి, సింకు చివర దిగాలి. ఎండకు పీవీసీ గొట్టం పెళుసెక్కుతుంది కాబట్టి దాన్ని మట్టిలో పూడ్పించండి, లేదా రంగు వేయించండి. గచ్చు ఆరిన తరువాత, పైన బండలు పరచక ముందే, జాలాట ఎగువ మూలలో రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి చూడండి. నీళ్ళు నిలిచిన చోటల్లా బొగ్గుతో గీత గీసి మేస్త్రికి చూపిస్తే, అక్కడ వాటం అప్పుడే సరిచేస్తాడు.