పని మానేసిన కుర్రాడి గూగుల్ డ్రైవ్‌లో మా కస్టమర్ల కాగితాలు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది కావలి. మా మామయ్య దస్తావేజు లేఖరి, ఆఫీసులో కంప్యూటర్ పని నేను చూస్తాను. రిజిస్ట్రేషన్‌కి వచ్చేవాళ్ల ఆధార్, పాన్, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెడతాం. చిక్కేమిటంటే ఆ ఖాతా మాది కాదు, మా దగ్గర పనిచేసి ఇప్పుడు ఒంగోలులో వేరేచోట చేరిన కుర్రాడిది.

మొన్న చూస్తే ఆ ఫోల్డర్ లింక్ ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా ఉంది. లింకేమో వాట్సాప్‌లో బ్రోకర్లకీ, లోన్ ఏజెంట్లకీ ఎప్పుడో వెళ్లిపోయింది. ఒక పెద్దావిడ పాన్, ఆధార్, సంతకం, పాసుపుస్తకం వరసగా ఒకేచోట ఉన్నాయి. దొంగకి ఇంకేం కావాలి? మామయ్యకి చెబితే "ఇన్నేళ్లు బీరువాలో పెట్టాం, ఎవడెత్తుకుపోయాడు అబ్బయా?" అంటాడు. బీరువా తాళం మన దగ్గరే ఉండేది కదా అన్నా వినడు.

కుర్రాడు మంచోడే, లింక్ తీసేస్తానన్నాడు. కానీ ఇప్పటికే దించుకున్న కాపీలు వెనక్కి రావు కదా. డిలీట్ చేసినా 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి.

ఫైళ్ల ఓనర్‌షిప్ మా ఖాతాకి మార్పించుకోవాలా, లేక మేం దించుకుని అతనిచేత తీయించడం మేలా? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మాలాంటి చిన్న ఆఫీసుకి అంత వేయరనుకోండి, అయినా టెన్షన్‌గానే ఉంది. రేపు ఎవరి పేరునైనా దొంగ లోన్ తీస్తే బాధ్యత ఖాతా ఉన్న కుర్రాడిదా, కాగితాలు తీసుకున్న మామయ్యదా? కస్టమర్లకి ఇప్పుడే చెప్పేయాలా? ఈ పని తెలిసిన లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.