‘ఆత్మరక్షణే సర్వోన్నత చట్టం’: ఈ తెలుగు సరైనదేనా?

ప్రశ్న: మా విచారణలో (మా చర్చి పరిధిలో, అంటే పారిష్‌లో) పంచిన కరపత్రంలో ‘సాలుస్ అనిమారుమ్ సుప్రేమా లెక్స్’ అనే లాటిన్ మాటకు ‘ఆత్మరక్షణే సర్వోన్నత చట్టం’ అని రాశారు. చదువుతుంటే ఏదో తేడా కొడుతోంది. ఎలా రాస్తే బాగుంటుంది?

జవాబు: ముందు ఆ సమాసాన్ని విడగొట్టండి. ‘ఆత్మరక్షణ’ అంటే తెలుగువాళ్లకు కర్రసాము, కరాటే, పోలీసు కాల్పుల వార్తలే గుర్తొస్తాయి. ‘ఆత్మల రక్షణ’ అని విడిగా రాస్తే ఆ చిక్కు పోతుంది.

అయితే ఈ మాట ఎక్కడ ఉందో చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. రెండో జాన్ పాల్ పాపుగారు 1983 జనవరి 25న ప్రకటించిన శ్రీసభ (కాథలిక్ చర్చి) చట్టసంహితలో మొత్తం 1752 సూత్రాలున్నాయి. ఇంత గొప్ప మాటను మొదటి పేజీలోనే పెట్టి ఉంటారనుకుంటాం. కానీ అది చిట్టచివరి సూత్రంలో, అదీ విచారణ గురువుల (పారిష్ ఫాదర్ల) బదిలీల గురించి చెబుతూ, వాక్యం చివర వస్తుంది. బదిలీలో 1747వ సూత్రం పాటించాలి, న్యాయదృష్టి తప్పకూడదు, ఆత్మల రక్షణను కళ్ల ముందు ఉంచుకోవాలి అంటుంది.

ఆ 1747 ఏం చెబుతుందంటే, పదవి పోయిన గురువు వీలైనంత త్వరగా ఇల్లు ఖాళీ చేసి, విచారణ ఆస్తులన్నీ కొత్తవారికి అప్పగించాలి. కానీ ఆయన జబ్బుతో ఉండి, కదిలిస్తే ఇబ్బంది అయితే, అవసరం తీరేదాకా ఆ ఇంటిని ఆయనకే వదిలేయాలి, కావాలంటే పూర్తిగా ఆయన ఒక్కడికే. ఇంటి తాళాల దగ్గర కూడా మనిషిని మరవని చట్టం ఇది. నాకు చాలా ఇష్టమైన సూత్రం.

ఇంకో సభ్యుడు: ‘చట్టం’ పొడిగా ఉంది. ‘పరమ ధర్మం’ అంటే?

జవాబు: వినడానికి బాగుంటుంది, నిజమే. కానీ ‘ధర్మం’ అంటే మంచి నడవడి అనే అర్థం ముందుకొస్తుంది. ఇక్కడ లెక్స్ అంటే అచ్చంగా చట్టమే. రోమన్ వక్త సిసెరో ‘ప్రజల క్షేమమే పరమ చట్టం కావాలి’ అన్నాడు. శ్రీసభ మాట ఆ మూసలోనిదే. పైగా దీన్ని నియమాలు పక్కన పెట్టే లైసెన్స్‌గా వాడేవాళ్లున్నారు. అది తప్పు. రక్షణకు దారి చట్టంలోనే రాసిపెట్టారు. 976వ సూత్రం చూడండి: ప్రాణాపాయంలో ఉన్నవారి పాపసంకీర్తనం (గురువు ముందు పాపాల ఒప్పుకోలు) విని క్షమాపణ ఇవ్వడానికి, అనుమతి లేని గురువైనా, గురుత్వ స్థితిని కోల్పోయినవాడైనా చాలు. అనుమతి ఉన్న గురువు పక్కనే ఉన్నా సరే చెల్లుతుంది.

కాబట్టి నా ఓటు దీనికి: ‘ఆత్మల రక్షణే శ్రీసభలో ఎల్లప్పుడూ పరమ చట్టంగా ఉండాలి.’ ‘ఎల్లప్పుడూ’ మూలంలోనే ఉంది. కరపత్రం మళ్లీ అచ్చు వేస్తే దాన్ని మాత్రం వదలకండి.