సోనౌలి నుంచి ఖాట్మండుకు రాత్రి బస్సు: పెద్దవాళ్ళను తీసుకుపోవచ్చా?

కాజీపేట పోరడు:
కార్తీకంలో బాపును, అవ్వను పశుపతినాథ్ దర్శనానికి తీసుకుపోదామనుకుంటున్నా. మా ఆవిడ కూడా వస్తుంది. వరంగల్‌లో రాప్తీసాగర్ రైలు ఎక్కితే గోరఖ్‌పూర్ దాకా బేఫికర్. అక్కడి నుంచి సోనౌలి బార్డర్ దాటితే నేపాల్‌లో భైరహవా. పంచాయితీ అంతా ఆ తర్వాతే. సాయంత్రం బస్సెక్కితే తెల్లారేసరికి ఖాట్మండులో దింపుతారట, ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగులుతుంది. మా బావేమో "ఆ ఘాట్ల మీద రాత్రి బస్సా? విమానంలో తీసుకుపో" అని ఒకటే కస్సుబుస్సు. బాపుకు 70 దాటాయి, షుగర్ ఉంది. దర్శనమయ్యాక పోఖరా కూడా చూడాలని అవ్వ ఆశ. పోయొచ్చినవాళ్ళు చెప్పండి.

హనుమకొండ పెన్షనర్:
మీ బావ మాటే రైటు. 2024 జులైలో సిమల్తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులను త్రిశూలి నదిలోకి నెట్టేసింది. తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్న టైం. 60 మందికి పైగా ఉంటే ఈది బయటపడింది ముగ్గురే. నువ్వు ఎక్కుదామనుకుంటున్న బస్సు పోయేది కూడా ఆ నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ రోడ్డు మీదుగానే.

జగిత్యాల బాటసారి:
సార్, అది నడి వానాకాలం. ఈయన పోయేది కార్తీకంలో. రాత్రి కాబట్టే ప్రమాదం అంటారా? అదే ఏడాది ఆగస్టులో మహారాష్ట్ర యాత్రికుల బస్సు పోఖరా నుంచి ఖాట్మండు పోతూ మర్స్యాంగ్దీ నదిలో పడింది, 27 మంది పోయారు. అది పట్టపగలు. అంతదూరం ఎందుకు, మన కొండగట్టు మర్చిపోయామా? 2018 సెప్టెంబర్ 11, పగటిపూట, రోజూ తిరిగే ఊరి బస్సు. ఘాట్ దిగడం అయిపోయే చోట లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. పట్టనంతమందిని ఎక్కించారు. నేనైతే టైం కన్నా ముందు ఎంతమందిని ఎక్కిస్తున్నారు, రెండో డ్రైవర్ ఉన్నాడా, టైర్లు అరిగాయా అన్నవే చూస్తా.

ఇక విమానమే సేఫ్ అనేవాళ్ళకు: 2023 జనవరిలో పోఖరాలో దిగబోతూ కూలిన విమానంలో 72 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. నేపాల్ విమాన సంస్థలను యూరోపియన్ యూనియన్ 2013 నుంచి తమ దగ్గరికి రానివ్వడం లేదు.

హనుమకొండ పెన్షనర్:
తమ్మీ, నువ్వు చావుల లెక్క చెప్తున్నావు. నేను అడిగేది బతికున్నవాళ్ళ బాధ. షుగర్ ఉన్న మనిషి రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. ఆ మలుపుల్లో డ్రైవర్ అడిగినప్పుడల్లా ఆపుతాడా? ఆపినా, చీకట్లో రోడ్డంచున దిగాలి, పక్కన నది. భైరహవా నుంచి ఖాట్మండుకు విమానంలో ముప్పావు గంట కూడా పట్టదు. టికెట్ ధర నేపాలీలకు ఒకటి, మనవాళ్ళకు ఒకటి, మిగతా దేశాలవాళ్ళకు ఇంకొకటి. అది కనుక్కొని, డబ్బుంటే విమానమే.

మంచిర్యాల అక్క:
ఇద్దరూ కొట్లాడుకుంటున్నారు గానీ, రాత్రి బస్సు, విమానం తప్ప ఇంకో దారే లేనట్టు మాట్లాడుతున్నారేంది? మా అత్తమ్మను తీసుకొని పోయాం మేము. భైరహవాలో దిగిన రోజు బస్సే ఎక్కలేదు. లుంబిని అక్కడికి దగ్గరే, బుద్ధుడు పుట్టిన చోటు చూసి, రాత్రి హాయిగా పడుకొని, పొద్దున్నే బస్సెక్కాం. లాడ్జి ఖర్చు అంటావా, మన 100 అక్కడ 160. మరీ అంత పీనాసితనం వద్దు తమ్మీ.

పగలైతే మాత్రం భయం ఉండదని చెప్పను. కిటికీలోంచి కిందికి చూస్తే త్రిశూలి, పైకి చూస్తే కొండ. క్లీనర్ పిల్లగాడు తలుపు పట్టుకొని వేలాడుతూ, ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా బస్సు రేకు మీద అరచేత్తో దబదబా చరుస్తాడు. ఒక దెబ్బకు ఆగడం, రెండు దెబ్బలకు కదలడం. అత్తమ్మ కాసేపు రామనామం, కాసేపు ఆ పిల్లగాడికి తిట్లు. కానీ రోడ్డు కనిపిస్తుంది, ఎక్కడ ఆపాలో మనం అడగొచ్చు. సీట్లు ముందు వరసల్లో తీసుకోండి, వెనక కూర్చుంటే నడుములు పోతాయి.

ఖాట్మండు నుంచి పోఖరాకు కూడా పొద్దుటి టూరిస్ట్ బస్సే. 200 కిలోమీటర్లే కదా, హైదరాబాద్ పోయొచ్చినట్టు పోయొద్దాం అనుకోకు. రోడ్డు వెడల్పు పనులతో మాకు పొద్దంతా అందులోనే గడిచింది. దారిలో ముగ్లింగ్ వైపు హోటళ్ళ దగ్గర దాల్‌భాత్‌కు ఆపుతారు, ఎన్ని గంటలకు అన్నది ట్రాఫిక్ దయ. షుగర్ మనిషి కదా, జొన్నరొట్టె, పల్లీలు చేతి సంచిలో ఉండాలి. మాత్రలు డిక్కీలో వేసే బ్యాగులో పెట్టొద్దు.

జగిత్యాల బాటసారి:
అక్కా, పగటి బస్సు నాకూ ఓకే. రాత్రి బస్సంటేనే చావు అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను, అంతే. అక్కడి జనం రోజూ పోయేది వాటిలోనే.

హనుమకొండ పెన్షనర్:
జనం పోతారు, వాళ్ళకు గత్యంతరం లేక. ఈయనకు ఉంది కదా. పోఖరా దాకా పోతే ఆగరు, ముక్తినాథ్ గుడికీ పోదాం అంటారు. అది 3,700 మీటర్ల పైన, ఊపిరే ఆడదు కొందరికి. ముందు డాక్టర్‌ను అడగండి.

కాజీపేట పోరడు:
ముక్తినాథ్ పేరు అవ్వ చెవిన పడనివ్వకండి సార్, దండం పెడతా. సరే, రాత్రి బస్సు వద్దనుకున్నా. లుంబినిలో ఒక రాత్రి ఆగి పగటి బస్సు. అక్కా, నలుగురికీ ఆధార్ ఉంది, బార్డర్‌లో చాలుతుందా?

మంచిర్యాల అక్క:
65 దాటినవాళ్ళకు ఆధార్ చెల్లుతుంది. బాపుకు ఫికర్ లేదు, అవ్వ వయసు కార్డులో ఎంత వేశారో చూసుకో. నీకూ మీ ఆవిడకూ మాత్రం ఓటర్ కార్డో పాస్‌పోర్టో ఉండాలి, ఒరిజినల్. తేదీలు దీపావళి, ఛట్ దాటాక పెట్టుకో. అక్కడా పండగే, బస్సులన్నీ ఊళ్ళకు పోయేవాళ్ళతో కిక్కిరిసి ఉంటాయి.